సమాధి అలంకరణ నియమాలు - సమానత్వ భావన: మొదటి ప్రపంచయుద్ధ శ్మశానవాటికల చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం

సమాధిని ఎవరు, ఏ విధంగా, ఎంతవరకు అలంకరించవచ్చుననే నియమాలు పైకి కేవలం నిర్వహణకు సంబంధించిన వివరాలుగా కనిపిస్తాయి. ఫలకం ఎత్తు, దానిపై చెక్కే గుర్తు, లేఖనంలోని మాటలు, చుట్టూ నాటే మొక్కలు వీటి పరిధిలోకి వస్తాయి. అయితే మృతునిపై కుటుంబానికి గల హక్కు ఎక్కడ ముగుస్తుందో, సామూహిక స్మృతిపై సంస్థకు గల అధికారం ఎక్కడ మొదలవుతుందో నిర్ణయించేవి ఈ నియమాలే. ఈ విషయం ఆధునిక కాలంలో తీవ్ర వివాదానికి దారితీసిన సందర్భం మొదటి ప్రపంచయుద్ధం. నాటి ఇంపీరియల్ వార్ గ్రేవ్స్ కమిషన్ రూపొందించిన నియమాలలోని సమానత్వ భావనను, భారతీయ సైనికుల విషయంలో దానికి ఏర్పడిన పరిమితులను పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

నియమాల ఆవిర్భావం

యుద్ధం తొలిరోజుల్లో పలుకుబడి గల కొన్ని బ్రిటిష్ కుటుంబాలు తమవారి భౌతికకాయాలను స్వదేశానికి తెప్పించుకోగలిగాయి. మాజీ ప్రధాని గ్లాడ్‌స్టన్ మనుమడు 1915 ఏప్రిల్‌లో ఫ్రాన్స్‌లో మరణించినప్పుడు ఆయన దేహాన్ని స్వదేశానికి తరలించడం ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ. సామాన్య సైనికుని కుటుంబానికి అంతటి అవకాశం లేదు. సమాధుల నమోదు బాధ్యత వహించిన ఫేబియన్ వేర్ ఈ వ్యత్యాసాన్ని వ్యతిరేకించాడు. ఆ సంవత్సరంలోనే దేహాల తరలింపుపై నిషేధం వచ్చింది. 1917 మే 21న రాజశాసనం ద్వారా కమిషన్ ఏర్పడింది.

బ్రిటిష్ మ్యూజియం సంచాలకుడు ఫ్రెడరిక్ కెన్యన్ 1918లో సమర్పించిన నివేదిక ఈ శ్మశానవాటికల రూపాన్ని నిర్దేశించింది. అధికారికీ సిపాయికీ, ధనికునికీ పేదకూ ఒకే తీరు ఫలకం ఉండాలన్నది దాని మూలసూత్రం. కుటుంబాలు సొంత ఖర్చుతో స్మారకాలు నిర్మించుకోవడానికి అనుమతిస్తే, స్థోమత గలవారి కట్టడాల నడుమ పేదవాని సమాధి మరుగున పడుతుందన్నది అందులోని ప్రధాన వాదం. ఆచరణలో ఫలకం 2 అడుగుల 8 అంగుళాల ఎత్తు, 1 అడుగు 3 అంగుళాల వెడల్పుతో స్థిరపడింది. దానిపై దళ చిహ్నం, పేరు, హోదా, మరణ తేదీ, మతచిహ్నం చెక్కించారు. మొక్కల ఎంపికలో ఉద్యాన నిపుణురాలు గెర్ట్రూడ్ జెకిల్ సలహా తీసుకున్నారు. వానకు మట్టి చింది అక్షరాలు మాసిపోకుండా ఫలకాల ముందు పొట్టి మొక్కలు నాటారు.

కుటుంబాల ప్రతిఘటన

ఈ ఏకరూపతను అనేక కుటుంబాలు అంగీకరించలేదు. ఫలకానికి బదులు శిలువను నిలపడానికి అనుమతించాలని కోరుతూ, యుద్ధంలో ముగ్గురు కుమారులను కోల్పోయిన లేడీ ఫ్లోరెన్స్ సెసిల్ 1919లో 8,000కు పైగా సంతకాలతో వినతిపత్రం సమర్పించింది. తన బిడ్డ సమాధిపై ఏ గుర్తు ఉండాలో ప్రభుత్వం నిర్ణయించడమేమిటన్నదే ఈ వివాదంలో తల్లిదండ్రుల ప్రశ్న.

1920 మే 4న కామన్స్ సభలో ఈ అంశంపై చర్చ జరిగింది. కమిషన్ పక్షాన మాట్లాడిన బర్డెట్-కూట్స్ రచయిత రడ్‌యార్డ్ కిప్లింగ్ లేఖను సభలో చదివాడు. 1915లో లూస్ యుద్ధంలో కిప్లింగ్ కుమారుని ఆచూకీ తెలియకుండాపోయింది. తమకు వెళ్లి చూసుకోవడానికి సమాధి అంటూ లేదని, తెలిసిన చోట ఒక రాతిపై పేరు మిగలడమే ఎంతటి అదృష్టమో అభ్యంతరం చెప్పేవారు గ్రహించాలని ఆ లేఖ సారాంశం. చివరకు కమిషన్ వైఖరే నిలిచింది.

కుటుంబాలకు మిగిలిన ముఖ్యమైన వెసులుబాటు ఫలకం అడుగున సొంత మాటలు చెక్కించుకోవడం. ఖాళీలతో కలిపి 66 అక్షరాలకు పరిమితి విధించారు. అక్షరానికి మూడున్నర పెన్నీలు రుసుముగా నిర్ణయించి, తరువాత దానిని ఐచ్ఛికం చేశారు. న్యూజిలాండ్ ప్రభుత్వం మాత్రం సమానత్వానికి భంగమని ఈ వెసులుబాటును కూడా అనుమతించలేదు.

నియమం వర్తించని చోట్లు

ఈ నియమాలన్నీ ఒక దేహం, ఒక పేరు, ఒక చోటు ఉన్నాయన్న భావనపై ఆధారపడ్డాయి. దహన సంస్కారం గల హిందూ, సిక్కు సైనికుల విషయంలో ఆ ఆధారమే లేదు. ఇంగ్లండులోని బ్రైటన్ సమీపంలో 53 మంది హిందూ, సిక్కు సైనికులను దహనం చేసిన స్థలంలో 1921లో ఛత్రిని ఆవిష్కరించారు. కాని వారి పేర్లు రాతిపై అక్కడ వెలసింది 2010లో మాత్రమే. ఫ్రాన్స్‌లోని న్యూవ్ షాపెల్ వద్ద హెర్బర్ట్ బేకర్ రూపొందించగా 1927లో ప్రారంభమైన స్మారకం 4,700కు పైగా భారతీయుల పేర్లను నిలిపింది.

మెసపొటేమియాలో పరిస్థితి వేరు. 1929లో ఆవిష్కరించిన బస్రా స్మారకంపై బ్రిటిష్ సైనికుల పేర్లతో పాటు భారతీయ అధికారుల పేర్లు ఉన్నాయి. భారతీయ సిపాయిలను మాత్రం దళాలవారీగా సంఖ్యలతో పేర్కొన్నారు. ఆ రంగంలో పనిచేసిన మద్రాసు శాపర్స్ అండ్ మైనర్స్ దళంలో తెలుగువారు కూడా ఉండేవారు. కనుక ఈ అంశం తెలుగు ప్రాంత చరిత్రకు దూరమైనది కాదు. అక్కడ మరణించి సమాధి లేకుండాపోయిన తెలుగు సిపాయికి ఆ రాతిపై దక్కేది అంకెలో ఒక భాగం మాత్రమే. తూర్పు ఆఫ్రికాలోని నైరోబీ, మొంబాసా, దారెస్సలామ్ నగరాలలో ఆఫ్రికన్ సైనికులకు, బరువులు మోసిన కూలీలకు నిలిపిన విగ్రహాలలోనూ వ్యక్తుల పేర్లు లేవు.

ఆ సంస్థకు వారసురాలైన కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ 2021 ఏప్రిల్‌లో ప్రకటించిన సమీక్ష ఈ వ్యత్యాసాల విస్తృతిని వెల్లడించింది. 45,000 నుంచి 54,000 మంది మృతులకు అసమానమైన రీతిలో స్మారకాలు కల్పించారని, కనీసం 1,16,000 మందిని, బహుశా 3,50,000 మంది వరకు, పేరుతో స్మరించలేదని లేదా అసలే స్మరించలేదని అంచనా వేసింది. వీరిలో అత్యధికులు భారత, ఆఫ్రికా, ఈజిప్టు ప్రాంతాలవారు. ఇందుకు నాటి జాతి వివక్ష కూడా కారణమని అంగీకరించి సంస్థ క్షమాపణ తెలిపింది.

ముగింపు

కెన్యన్ నివేదికలోని సమానత్వ భావనను కేవలం కపటంగా తోసిపుచ్చడానికి వీలులేదు. ఫ్రాన్స్‌లో అది పేద సైనికుని సమాధిని సంపన్నుల కట్టడాల నీడ నుంచి కాపాడింది. అందుకు కుటుంబాలు తమ హక్కును కొంత వదులుకోవలసి వచ్చింది. వలస ప్రాంతాల సైనికులలో అనేకుల కుటుంబాలకు వదులుకోవడానికి ఆ హక్కు కూడా మిగలలేదు. రాతిపై పేరే లేనప్పుడు గుర్తు ఏదన్న చర్చకు గాని, 66 అక్షరాల పరిమితికి గాని అర్థం లేదు. కనుక సమాధి నియమాల చరిత్రను అధ్యయనం చేసేటప్పుడు నియమం ఏమి నిషేధించిందనే ప్రశ్నకు ముందు, అది ఎవరిని తన పరిధిలోకి తీసుకున్నదో పరిశీలించడం అవసరం.