జేగురు గోడ మీద మొదటి పాఠం

ఇంటీరియర్ డిజైన్‌లో చేరిన పిల్లలకి తొలిరోజుల్లోనే అప్పగించే పని ఒకటుంది. ఏదో ఒక గది ఎంచుకుని, టేపు పట్టుకుని గోడ నుంచి గోడకి, గుమ్మం నుంచి కిటికీకి కొలిచి, కాగితం మీద గీసి తేవాలి. బొమ్మ అందంగా ఉండక్కర్లేదు, కొలత తప్పకుండా ఉండాలి. వినడానికి చిన్న పనే. కానీ చాలామందికి కళ్లు తెరుచుకునేది అక్కడే. పుట్టినప్పటి నుంచి తిరిగిన గదిలో గుమ్మం ఎంత ఎత్తో, వెలుతురు ఏ పక్క నుంచి పడుతుందో, ఫలానా సామాను ఫలానా చోటే ఎందుకుందో అంతకుముందు ఎన్నడూ పట్టించుకోలేదని అప్పుడే తెలిసొస్తుంది.

కోటబొమ్మాళి, టెక్కలి, పలాసల నుంచి విశాఖపట్నమో విజయవాడో వెళ్లి ఈ చదువు చదివేవాళ్లకి పుస్తకాల్లో ఎదురయ్యే చరిత్ర ఎక్కువగా 1919లో జర్మనీలో పుట్టిన బౌహౌస్ చుట్టూ తిరుగుతుంది. చెయ్యి పెట్టి పనిచేస్తూ నేర్చుకోవాలన్నది ఆ బడి సిద్ధాంతం. మంచిదే. అయితే ఇంటి లోపలి భాగాన్ని తీర్చిదిద్దడం ఒకరి నుంచి ఒకరికి పనిలోనే అందే పద్ధతి ఉత్తరాంధ్రలో అంతకు చాలా ముందు నుంచే ఉంది. తీరాన చుట్టిల్లు, కొండల్లో సవర గోడ, విశాఖలో వడ్రంగి పని. ఈ మూడు చోట్లా మనిషి ఎదిగింది పని అప్పగించినవాళ్లు గట్టిగా అడగడం వల్లే.

ముందు తీరం సంగతి. శ్రీకాకుళం తీరంలోని ఉద్దానం వాళ్లకి అక్టోబరు, నవంబరు నెలలంటే ఇప్పటికీ గుబులే. బంగాళాఖాతంలో వాయుగుండం పడిందంటే కొబ్బరి, జీడితోటల రైతులకి నిద్ర ఉండదు. ఈ గాలికి తట్టుకునేలా ఉత్తరాంధ్ర తీరంలో కట్టుకున్న ఇల్లు చుట్టిల్లు. గుండ్రటి మందపాటి మట్టిగోడ, దాని మీద కోసుగా లేచిన తాటాకు కప్పు. చూరు ఎంత కిందికి దిగి ఉంటుందంటే పెద్దవాళ్లు నడుం వంచకుండా లోపలికి పోలేరు. మూలలు లేని గోడ గాలికి ఎదురు నిలవదు, గాలే దాని చుట్టూ తిరిగి పోతుంది. వాలు ఎక్కువ కాబట్టి కప్పు మీద నీరు ఆగదు. చూరు నేలకి దగ్గరగా ఉండటంతో గాలి కిందనుంచి దూరి కప్పుని లేపడం కష్టం.

లోపలికి వెళితే అసలు నేర్పు కనబడుతుంది. నలుచదరపు గదిలో పెట్టె, మంచం, బీరువా గోడకి ఆనించి పెట్టుకుంటాం. గుండ్రటి గోడకి అవేవీ సరిగ్గా ఆనవు. అందుకని సామానులో కొంత గోడలోకే వెళ్లింది. మట్టి పచ్చిగా ఉన్నప్పుడే దీపానికొక గూడు, చిన్నాచితకా వస్తువులకి ఇంకో గూడు తీర్చిపెట్టేవారు. పాలకుండ, పెరుగుకుండ ఉట్టికెక్కాయి. ధాన్యం గడ్డితాడు చుట్టిన పురిలోకో, అటక మీదికో చేరింది. కొన్ని ఇళ్లలో గది మీద కర్రలు పరిచి, పైన మట్టి మెత్తి అటక వేసేవారు. కప్పు నిప్పంటుకున్నా మంట కిందికి దిగకుండా ఆ మట్టి కాసేపు ఆపుతుంది. స్టోరేజీ, సేఫ్టీ అంటూ నేటి తరగతిలో విడివిడి పాఠాలుగా చెప్పేవి ఇక్కడ ఒకే అటకలో ఉన్నాయి.

మట్టిగోడ ఒక్కసారిగా లేవదు. ఒక వరస పెట్టి, అది ఆరాక దాని మీద ఇంకో వరస పెట్టాలి. తొందరపడితే కూలుతుంది. ఈ నెమ్మదే పిల్లలకి బడి అయింది. ముందు మట్టి తొక్కడం, తర్వాత ముద్దలు అందించడం, చెయ్యి కుదిరాక గోడ మీద ముద్ద పెట్టడం. కొలతలన్నీ మూర, జాన, బెత్తెడు. పైగా తాటాకు కప్పు కొన్నేళ్లకే చివుకుతుంది, మళ్లీ నేయాలి. కిందటిసారి ఎక్కడ కారిందో గుర్తుంచుకుని ఈసారి అక్కడ ఆకు దట్టంగా పరిచేవారు. చేసిన తప్పుని తన చేత్తోనే దిద్దుకునే అవకాశం పనివాడికి మళ్లీ మళ్లీ దొరికేది. పండితులు గీసిన ఏ పాఠ్యప్రణాళికకీ తీసిపోని ఏర్పాటు ఇది.

తీరం వదిలి మెళియాపుట్టి, మందసల వైపు వెళితే కొండలు మొదలవుతాయి. అది సవర గిరిజనుల దేశం. 1936లో ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రమై పర్లాకిమిడి అటు వెళ్లినప్పుడు సవర ఊళ్లు గీతకి రెండు పక్కలా మిగిలాయి. ఈ జనం మాటని పట్టించుకున్న తొలి తెలుగు పండితుడు గిడుగు రామమూర్తి. పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూ సవర భాష నేర్చుకుని, 1931లో దానికి వ్యాకరణం, 1938లో నిఘంటువు తెచ్చారు. వాళ్ల ఇళ్లలోపలి గోడల్ని పట్టించుకున్నది మానవశాస్త్రవేత్త వెరియర్ ఎల్విన్. ఆయన 1940ల్లో గంజాం, కోరాపుట్ కొండల్లోని సవర పల్లెలు తిరిగి, 1951లో మధ్య భారతపు గిరిజన కళ మీద ఒక పుస్తకం, 1955లో సవరల మతం మీద మరో పెద్ద పుస్తకం వేశారు. వాటిలో ఆయన వర్ణించిన గోడ బొమ్మల పద్ధతి ఇంటి లోపలి అలంకారాన్ని గురించి చదివే ఎవరైనా తెలుసుకోవలసినది.

బొమ్మ గీయడానికి కారణం అందం కోసం ఆరాటం కాదు. ఇంట్లో జబ్బు చేసింది, పంట దెబ్బతింది, కాన్పు దగ్గరపడింది. అప్పుడు పూజారి ఏ పితృదేవత ఏం కోరుతున్నదో కలలోనో పూనకంలోనో తెలుసుకుని చెబుతాడు. ఆ దేవత ఉండటానికి గోడ మీద ఒక ఇల్లు గీయాలి. ఇంటివాడికి చెయ్యి తిరిగి ఉంటే తనే గీస్తాడు, లేదంటే ఇట్టల్‌మరన్ అనే చిత్రకారుణ్ణి పిలుస్తారు. లోపలి గోడని ఎర్రమట్టితో అలికి ఆరనిస్తారు. బియ్యప్పిండి నీళ్లలో కలుపుకుని, కొస నలగ్గొట్టిన పుల్లతో గీత మొదలుపెడతారు.

మొదట గీసేది చట్రం. నాలుగు గీతల చదరం, అదే ఇల్లు. ఆ తర్వాతే లోపలికి మనుషులు వస్తారు. రెండు త్రికోణాలు కొసలు కలిస్తే ఒళ్లు, పుల్లల్లాంటి కాళ్లూ చేతులూ. గుర్రమెక్కిన దేవత, ఏనుగు, చెట్టు, నెమలి, సూర్యుడు, చంద్రుడు. కాలం మారేకొద్దీ సైకిలు, మోటారు, విమానం కూడా ఆ చదరంలోకి చేరాయి. దేవతకి తిరగడానికి బండి కావాలి కదా, దొరలకున్న బండే ఎందుకు ఉండకూడదు? ఇదే కొండల కింద 1900లో నౌపడా నుంచి టెక్కలి మీదుగా పర్లాకిమిడికి చిన్న రైలు నడవడం మొదలైంది. కొండ దిగి సంతకొచ్చినవాళ్లు చూసింది కొండమీది గోడకెక్కడంలో వింత లేదు.

ఇక ఈ మొత్తంలో అన్నిటికంటే గొప్ప ఘట్టం బొమ్మ పూర్తయ్యాక వస్తుంది. పూజారి గోడ ముందు కూర్చుని, నీ ఇల్లు సిద్ధమైంది, వచ్చి చూసుకో అని దేవతని పిలుస్తాడు. దేవత అతని నోటి గుండా మాట్లాడి బొమ్మని పరీక్షిస్తుంది. అది లేదు, ఇది చాలదు అంటే చిత్రకారుడు లేచి ఆ లోటు పూరించాలి. తృప్తి పడ్డాకే ఆ గోడ దేవతకి అంకితం. నేటి డిజైన్ కాలేజీలో ప్రతి ప్రాజెక్టు చివరా జ్యూరీ ఉంటుంది. విద్యార్థి తన డ్రాయింగులు గోడకి అంటించి నిలబడతాడు, పెద్దలు ప్రశ్నలేస్తారు, దిద్దుకుని రమ్మంటారు. చాలామంది పిల్లలు ఏడ్చేదీ ఎదిగేదీ ఆ రోజునే. సవర చిత్రకారుడి జ్యూరీలో కూర్చున్నది చనిపోయిన తాత. ఆయన కోరిక తీరకపోతే బిడ్డ జబ్బు తగ్గదని ఇంటిల్లిపాదీ నమ్మేవారు. అంత భారం మోసిన గీత కాబట్టే ఆ బొమ్మల్లో ఒక్క పుల్ల కూడా ఊరికే పడినట్టుండదు.

ఈ ఆచారం చాలా పల్లెల్లో ఇప్పుడు లేదు. 1970ల నుంచి సవరల మధ్య పనిచేసిన మానవశాస్త్రవేత్త పియర్స్ విటెబ్‌స్కీ తన 2017 నాటి పుస్తకంలో కొత్త తరం బాప్టిస్టు క్రైస్తవంలోకి వెళ్లి, చనిపోయినవాళ్లతో మాట్లాడే సంప్రదాయం వదిలేసిన తీరు రాశారు. బొమ్మలు మాత్రం గుడ్డ మీదికి, కాగితం మీదికి దిగాయి. సీతంపేట వైపు సవర చిత్రాలు ఇప్పుడు అమ్మకానికి వస్తున్నాయి, హోటళ్ల గోడలకీ ఎక్కుతున్నాయి. చేసేవాళ్లకి నాలుగు రూపాయలు దొరకడం ఎంతో సంతోషం. అయితే ఆ త్రికోణాలు మాత్రమే ఎత్తుకుపోయి కాఫీ షాపు గోడ మీద వేసే డిజైన్ విద్యార్థి సగం పాఠమే నేర్చినట్టు. ఎవరి కోసం, ఏ అవసరానికి, ఎవరు ఒప్పుకున్నాక అన్న మిగతా సగం లేకపోతే ఆ గోడ మీద మిగిలేది నమూనా ఒక్కటే.

మూడో సంగతికి విశాఖపట్నం దాకా వెళ్లాలి. 1682లో ఇంగ్లీషు కంపెనీ అక్కడ స్థావరం పెట్టింది. దొరలకి కుర్చీలు, రాతబల్లలు, అద్దాల పెట్టెలు కావాలి. నేల మీద కూర్చునే దేశపు వడ్రంగులకి అవి ఎరగని వస్తువులు. ఒక నమూనా ఇచ్చి అలాంటిది చెయ్యమన్నారు. రోజ్‌వుడ్, నల్లచేవ, టేకు మీద ఏనుగుదంతం పొదిగి, దంతంపై సన్నగా చెక్కి, ఆ గీతల్లో నల్ల లక్క నింపడం విశాఖ పనివాళ్ల ముద్ర అయింది. 1756లో వచ్చిన మేజర్ జాన్ కొర్నీల్ ఈ ఊరి అద్దకం గుడ్డల్నీ, దంతం పొదిగిన సామానునీ ప్రత్యేకంగా మెచ్చుకుని రాశాడు. కుర్చీ ఆకారం ఇంగ్లీషుది, అంచున పాకే పూలతీగ మాత్రం మన కలంకారీ దుప్పటి మీద ఎదిగినదే. నకలు చేయమన్న పనిలోంచి సొంత శైలి పుట్టడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. ఆ సామాను ఇప్పుడు లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది. ఏ వడ్రంగి చేశాడో ఆ పేర్లు దాదాపు ఎక్కడా లేవు, వాడుకున్న దొరల పేర్లే మిగిలాయి. ఆ లోటు తలుచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

స్వతంత్రం వచ్చాక డిజైన్ చదువు బడి రూపం తీసుకుంది. భారత ప్రభుత్వం పిలిస్తే అమెరికా డిజైనర్లు చార్లెస్, రే ఈమ్స్ దంపతులు దేశం తిరిగి 1958లో ఒక నివేదిక ఇచ్చారు. దాని ఆధారంగా 1961లో అహ్మదాబాద్‌లో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ (ఎన్.ఐ.డి.) పుట్టింది. 2015లో ఆంధ్రప్రదేశ్‌కీ ఒకటి వచ్చింది. ఆ నివేదికలో వాళ్లు అన్నిటికంటే ఎక్కువ మెచ్చుకున్నది చెంబుని. ఎన్ని నీళ్లు పట్టాలి, చంకన ఎలా ఇమడాలి, వంచితే ధార ఎలా పడాలి, బరువెంత, ధరెంత అంటూ ఒక్క పాత్ర వెనక ఎన్ని ప్రశ్నలున్నాయో వరసగా చెప్పారు. ఆ ప్రశ్నలన్నీ వేసుకోవడానికి కోటబొమ్మాళి విద్యార్థి అహ్మదాబాద్ వెళ్లనక్కర్లేదు. సరవకోట మండలంలోని బుడితిలో కంచు, ఇత్తడి పాత్రలు ఇప్పటికీ పోత పోస్తున్నారు, ఆ పనికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. అచ్చు విప్పిన ఇత్తడి చెంబు గరుగ్గా, మసిబారి ఉంటుంది. ఆకురాయి పడి, మెరుగు ఎక్కితేనే బంగారు ఛాయ వస్తుంది. ఆ రెండు స్థితులూ చేత్తో తడిమి చూసిన పిల్లకి ఫినిషింగ్ అన్న పాఠం ఇక వేరే చెప్పనక్కర్లేదు.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరిచెట్లు, జీడిమామిడి కూకటివేళ్లతో లేచాయి. అంత గాలి చూసినవాళ్లు స్లాబు ఇల్లే కావాలంటే తప్పు పట్టడానికి లేదు. స్లాబు గాలికి లేవదు. కానీ వేసవిలో మధ్యాహ్నం దాని కింద కూర్చోవడం నరకం, సామాను పెట్టుకోవడానికి గూడు ఉండదు, ఉక్కపోతకి కిటికీ తీస్తే వాన జల్లు లోపలికి కొడుతుంది. టెక్కలి చుట్టుపక్కల క్వారీల నుంచి నీలి గ్రానైట్ దేశాలు దాటి పోతోంది, ఉద్దానంలో కొబ్బరి పీచు తాడుగా, చాపగా మారుతోంది. ఈ రాయినీ ఈ పీచునీ స్లాబు గదిలో ఎక్కడ ఎలా వాడితే వేడి తగ్గుతుందన్నది ఒక సెమిస్టర్ మొత్తానికి సరిపోయే ప్రాజెక్టు. పని అప్పగించే గృహిణులు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు, వాళ్లు సవర తాతల కంటే తక్కువ గట్టివాళ్లు కారు.

దానికంటే ముందు చేయవలసిన కొలత పని ఇంకొకటి ఉంది. చుట్టిళ్లు ఏటికేడాదీ తగ్గిపోతున్నాయి, తాటాకు నేసే చేతులూ తగ్గుతున్నాయి. చూరు నేలకి ఎన్ని జానలు, గోడ మందం ఎన్ని బెత్తెలు, దీపం గూడు గుమ్మానికి ఏ పక్కన, అటక కర్రలు ఏ చెట్టువి, కప్పు ముడి ఎలా పడుతుంది. కట్టినవాళ్లు ఎదురుగా కూర్చుని చెబుతుండగా, వాళ్ల పేర్లతో సహా, ఇవన్నీ రాసి గీసుకోవాలి. శ్రీకాకుళం జిల్లా నుంచి ఈ చదువుకి వెళ్లే ప్రతి బ్యాచీ సెలవులకి ఊరొచ్చినప్పుడు ఒక్కో ఇల్లు గీసినా, విశాఖ వడ్రంగుల విషయంలో జరిగింది ఇక్కడ జరగదు.