హైచెంగ్‌లో ముందే కదిలిన నేల

1974 డిసెంబరు 22న చైనా ఈశాన్యంలోని లియావోనింగ్ ప్రావిన్సులో, లియావోయాంగ్ దగ్గర ఒక జలాశయం చుట్టుపక్కల భూమి కంపించింది. నష్టం పెద్దగా లేదు. కానీ ఇంతకంటే పెద్దది రాబోతోందన్న మాట ఊరూరా పాకింది. ఎముకలు కొరికే చలిలో జనం పిల్లాపాపలతో ఇళ్లు వదిలి బయట రాత్రులు గడిపారు. ఏమీ జరగలేదు. విసిగిపోయి ఎవరిళ్లకు వాళ్లు చేరుకున్నారు. ఆరు వారాలు గడిచాయో లేదో, అక్కడికి నైరుతిన ఉన్న హైచెంగ్ ప్రాంతాన్ని 7.3 తీవ్రతతో భూకంపం కుదిపేసింది.

ప్రపంచంలో ముందుగా హెచ్చరించి జనాన్ని కాపాడిన పెద్ద భూకంపంగా హైచెంగ్ పేరు నిలిచిపోయింది. చలికాలపు నిద్ర మాని పాములు బయటికొచ్చాయని, బావుల్లో నీటిమట్టం మారిందని కథలు కథలుగా చెప్పుకున్నారు. ఆ వార్తలు నిజంగానే వచ్చాయి. అయితే ఆఖరి నిర్ణయాన్ని తీసుకునేలా చేసింది మాత్రం పాములు కావు, పూర్వ ప్రకంపనలు. 2006లో పాత రికార్డులను తిరగేసి, నాటి అధికారులతో మాట్లాడిన పరిశోధకులు తేల్చింది ఇదే.

భయానికి పునాది అంతకుముందే పడింది. 1966లో బీజింగ్‌కు నైరుతిన ఉన్న షింగ్‌తాయ్‌లో వరుస భూకంపాలు వేలమందిని పొట్టన పెట్టుకున్నాయి. ఆ దెబ్బతో చైనా ప్రభుత్వం భూకంపాల అధ్యయనాన్ని యుద్ధప్రాతిపదికన పెంచింది. బోహాయ్ సముద్రం చుట్టుపక్కల ఒకటి రెండేళ్లలో భూకంపం రావచ్చని 1974 జూన్‌లో జాతీయ స్థాయి సమావేశం అంచనా వేసింది. అక్కడి నుంచి లియావోనింగ్‌లో పరిశీలన కేంద్రాలు పెరిగాయి, పల్లెల్లో ప్రచారం మొదలైంది. డిసెంబరు నాటి ఉత్త హెచ్చరికలు ఆ ఉత్సాహం తాలూకువే.

1975 ఫిబ్రవరి 1న హైచెంగ్, యింగ్‌కౌ కౌంటీల సరిహద్దులో చిన్న చిన్న కదలికలు మొదలయ్యాయి. మొదట అరకొరగా వచ్చాయి. 3వ తేదీ సాయంత్రం నుంచి ఊపందుకున్నాయి. షిపెంగ్‌యూ పరిశీలన కేంద్రంలోని సీస్మోగ్రాఫ్ ఒకదాని వెంట ఒకటిగా కంపాలను నమోదు చేస్తూ పోయింది. నాలుగు రోజుల్లో లెక్క 500 దాటింది. వాటిలో పెద్దది 4వ తేదీ పొద్దున వచ్చింది. దానికి గోడలు బీటలు వారాయి, పొగగొట్టాలు కూలాయి. అప్పటికే అర్ధరాత్రి దాటాక ప్రావిన్సు భూకంప కార్యాలయంలో జూ ఫెంగ్‌మింగ్ ఒక నివేదిక రాశాడు. ఈ కంపాలు తగ్గేలా లేవని, వీటి వెనక పెద్దది రావచ్చని అందులో ఉంది.

యింగ్‌కౌ కౌంటీలో భూకంప కార్యాలయాన్ని నడుపుతున్న త్సావ్ షియెన్‌చింగ్ పైనుంచి ఉత్తర్వుల కోసం చూడలేదు. 4వ తేదీ ఉదయమే కౌంటీ పార్టీ కమిటీని సమావేశపరిచి, పెద్ద భూకంపం ఆ రోజే రావచ్చని పట్టుబట్టాడు. సభలు, వినోదాలు రద్దయ్యాయి. ముసలివాళ్లను, జబ్బుపడ్డవాళ్లను బయటికి తరలించారు. ప్రావిన్సు ప్రభుత్వం ఫోన్లలో హెచ్చరిక పంపింది ఆ తర్వాతే. హైచెంగ్ కౌంటీలో యంత్రాంగం అంత చురుగ్గా కదల్లేదు. అక్కడ చాలామంది పొద్దుటి కుదుపులకు భయపడి తమంతట తామే బయటికొచ్చారు. కొన్నిచోట్ల జనం ఇళ్లలోకి వెళ్లకుండా ఆరుబయట తెర కట్టి సినిమాలు ఆడించారు.

మధ్యాహ్నం దాటాక కంపాలు సద్దుమణిగాయి. ముప్పు తప్పిందని ఎవరైనా అనుకునే సమయం అది. సాయంత్రం 7.36కి అసలు భూకంపం వచ్చింది.

సుమారు పది లక్షల మంది ఉన్న ప్రాంతంలో చనిపోయినవారు 2,041 మంది. వారిలో 700 మందికి పైగా భూకంపం దాటి బతికి, ఆ తర్వాత తాత్కాలిక గుడారాల్లో మంటలకు, చలికి బలైనవారే. జనం ఇంకా నిద్రపోని వేళ కావడం కూడా ప్రాణనష్టాన్ని తగ్గించింది. 1976లో అమెరికా శాస్త్రవేత్తల బృందం వచ్చి అంతా పరిశీలించి వెళ్లింది. భూకంపాలను ముందే చెప్పే రోజులు దగ్గరపడ్డాయన్న ఆశ ప్రపంచమంతటా మొలిచింది.

ఆ ఆశ ఎక్కువ కాలం నిలవలేదు. 1976 జులై 28 తెల్లవారుజామున 3.42కి, హైచెంగ్‌కు సుమారు 400 కిలోమీటర్ల దూరంలోని పారిశ్రామిక నగరం తాంగ్‌షాన్ కుప్పకూలింది. ప్రభుత్వ లెక్కల ప్రకారమే 2.4 లక్షల మంది పోయారు. హైచెంగ్‌లో కనిపించినలాంటి పూర్వ ప్రకంపనల వరుస అక్కడ లేదు.

చిక్కంతా ఇక్కడే ఉంది. ఒక చిన్న కంపం పూర్వ ప్రకంపనా కాదా అన్నది పెద్దది వచ్చాకే తేలుతుంది. సీస్మోగ్రాఫ్ గీసే గీతలో ఆ తేడా కనిపించదు. పగులు లోతున రాతిపలకలు నెమ్మదిగా జారడం మొదలై పెద్ద కంపానికి దారితీస్తుందని కొందరు శాస్త్రవేత్తలు అంటారు. ఒక చిన్న కంపం పక్కదాన్ని, అది ఇంకోదాన్ని రేపుతూ పోతాయని, అందులో ఒకటి అనుకోకుండా పెద్దదవుతుందని మరికొందరి వాదన. కాలిఫోర్నియాలో అనుభవం మీద తేలిన లెక్క ప్రకారం, ఒక మోస్తరు కంపం వచ్చిన కొద్ది రోజుల్లో అంతకంటే పెద్దది రావడానికి ఉన్న అవకాశం 5 శాతం అటూ ఇటూ.

మహారాష్ట్రలోని కిల్లారి హైదరాబాద్‌కు 200 కిలోమీటర్ల పైచిలుకు దూరం. 1992 అక్టోబరు, నవంబరు నెలల్లో అక్కడ నేల పదేపదే కదిలి జనాన్ని హడలగొట్టింది. ఆ తర్వాత ఆగిపోయింది. నెలలు గడిచేకొద్దీ ఊరు తన పనుల్లో పడింది. 1993 సెప్టెంబరు 30న, గణేశ నిమజ్జనం ముగిసిన రాత్రి తెల్లవారకముందే 6.2 తీవ్రతతో భూకంపం వచ్చింది. మట్టితో పేర్చిన బండరాళ్ల గోడలు నిద్రలో ఉన్నవారిమీద పడ్డాయి. దాదాపు 10 వేల మంది చనిపోయారు. హైచెంగ్‌లో కంపాలు సద్దుమణగడానికి, భూకంపానికి మధ్య గంటల ఎడమే ఉంది. కిల్లారిలో అది పది నెలలు. అంతకాలం ఏ ఊరినీ ఆరుబయట కూర్చోబెట్టలేం.

ఇటలీలోని లాక్విలాలో కుదుపు వస్తే ఇల్లు వదిలి కూడళ్లలోకి వచ్చేయడం పెద్దల నుంచి వచ్చిన అలవాటు. 2009లో అక్కడ నెలల తరబడి నేల కదులుతుంటే, కంగారు పడొద్దని ఒక అధికారి టీవీలో భరోసా ఇచ్చాడు. ఏప్రిల్ 5 రాత్రి పదకొండు కావస్తుండగా మరో కుదుపు వచ్చింది. కొందరు పాత అలవాటు ప్రకారం బయటికి నడిచారు. ఆ భరోసాను నమ్మి ఇంట్లోనే ఉండిపోయిన కుటుంబాలూ ఉన్నాయి. తెల్లవారుజామున 3.32కి వచ్చిన భూకంపంలో 309 మంది మరణించారు. 2012లో ఆరుగురు శాస్త్రవేత్తలకు, ఆ అధికారికి ఆరేళ్ల జైలుశిక్ష పడింది. 2014లో అప్పీలు కోర్టు శాస్త్రవేత్తలను నిర్దోషులుగా వదిలేసి, అధికారి శిక్షను రెండేళ్లకు తగ్గించింది.

ఒక కుదుపు వెనక అంతకంటే పెద్దది రావచ్చన్న పాఠాన్ని జపాన్ 2016లో నేర్చుకుంది. ఏప్రిల్ 14 రాత్రి కుమమోతోను 6.5 తీవ్రతతో భూకంపం తాకింది. ఇక వచ్చేవి అనంతర ప్రకంపనలేనన్న నమ్మకంతో కొందరు ఇళ్లకు తిరిగి వెళ్లారు. 16వ తేదీ వేకువన 7.3 తీవ్రతతో మరొకటి వచ్చింది. అప్పటి నుంచి జపాన్ వాతావరణ సంస్థ పెద్ద కుదుపు వచ్చిన ప్రతిసారీ, సుమారు వారం రోజులపాటు అంతటి కంపమే మళ్లీ రావచ్చని, పాడైన ఇళ్లకు దూరంగా ఉండమని చెబుతోంది.