బానిసత్వం - అమెరికా అంతర్యుద్ధం

మానవులందరూ సమానులేనని 1776లో లోకానికి చాటి స్వాతంత్ర్యం ప్రకటించుకొన్న దేశం అమెరికా. ఆ ప్రకటనను రచించిన థామస్ జెఫర్సన్ స్వయంగా బానిసల యజమాని. ఆశయానికీ ఆచరణకూ మధ్యనున్న ఈ అగాధమే ఎనభై అయిదు సంవత్సరాల తరువాత ఆ దేశాన్ని రెండుగా చీల్చింది.

1787లో రాజ్యాంగాన్ని రూపొందించిన పెద్దలు ఈ సమస్యను పరిష్కరింపక దాటవేశారు. ‘బానిస’ అన్న పదాన్ని వాడడానికే వారు వెనుకాడారు. అయినా ప్రతినిధుల సభలో స్థానాలు నిర్ణయించేటప్పుడు ప్రతి అయిదుగురు బానిసలను ముగ్గురుగా లెక్కించడానికి సమ్మతించారు. వోటు లేని ఆ నిర్భాగ్యుల సంఖ్య వారి యజమానుల రాజకీయ బలాన్నే పెంచింది.

కాలక్రమేణా ఈ దురాచారం దానంతటదే అంతరిస్తుందని పలువురు ఆశించారు. 1793లో ఎలీ విట్నీ కనిపెట్టిన పత్తిగింజలు తీసే యంత్రం ఆ ఆశను వమ్ము చేసింది. గింజ తీయడం సులభం కాగానే దక్షిణాన పత్తిసాగు విస్తరించింది. సాగుతోపాటు బానిసల అవసరమూ పెరిగింది. 1790లో సుమారు 7 లక్షలుగా ఉన్న వారి సంఖ్య 1860 నాటికి 39 లక్షలు దాటింది. ఉత్తరాది రాష్ట్రాలు మాత్రం క్రమంగా బానిసత్వాన్ని రద్దు చేసి, కూలికి పనిచేసే స్వతంత్ర శ్రమపై ఆధారపడ్డాయి.

పశ్చిమాన కొత్తగా చేరే భూభాగాలలో బానిసత్వం ఉండవచ్చునా, కూడదా అన్నదే వివాదానికి కేంద్రమయింది. 1820 నాటి మిస్సోరీ రాజీ ఒక అక్షాంశ రేఖను హద్దుగా గీసింది. 1850 నాటి రాజీ పారిపోయిన బానిసలను పట్టి అప్పగించవలసిన భారాన్ని ఉత్తరాది వారిపైన కూడా మోపింది. 1852లో హారియెట్ బీచర్ స్టోవ్ నవల ‘అంకుల్ టామ్స్ కేబిన్’ గ్రంథరూపంలో వెలువడి లక్షలాది పాఠకులను కదిలించింది. 1854 నాటి చట్టం మిస్సోరీ హద్దును చెరిపివేయగా కాన్సాస్‌లో రక్తం చిందింది. 1857లో డ్రెడ్ స్కాట్ వ్యాజ్యంలో, నల్లజాతివారు అమెరికా పౌరులు కాజాలరని సర్వోన్నత న్యాయస్థానం తీర్పు చెప్పింది. ప్రతి రాజీ మంటను ఆర్పలేదు సరికదా, నివురు మాత్రమే కప్పింది.

1860లో అబ్రహాం లింకన్ అధ్యక్షుడుగా ఎన్నికయ్యాడు. బానిసత్వం ఉన్నచోట దానిని తొలగిస్తానని ఆయన అనలేదు. కొత్త ప్రాంతాలకు వ్యాపింపనీయనని మాత్రమే అన్నాడు. ఆ మాటకే దక్షిణ కరొలినా డిసెంబరు 20న సమాఖ్య నుండి విడిపోయింది. మొత్తం 11 రాష్ట్రాలు అదే దారి పట్టాయి. 1861 ఏప్రిల్ 12న సమ్టర్ కోటపై ఫిరంగులు పేలడంతో యుద్ధం మొదలయింది.

దక్షిణాది పోరాడినది రాష్ట్రాల హక్కుల కోసమేనని తరువాతి కాలంలో కొందరు వాదించారు. కాని మిసిసిపీ వంటి రాష్ట్రాలు విడిపోతూ వెలువరించిన ప్రకటనలే బానిసత్వాన్ని ప్రధాన కారణంగా పేర్కొన్నాయి. పారిపోయినవారిని పట్టుకొనడానికి కేంద్రాధికారాన్ని కోరినవారు, బానిసత్వానికి అడ్డు వచ్చినప్పుడే రాష్ట్రాల హక్కులను స్మరించారు.

1863 జనవరి 1న లింకన్ విమోచన ప్రకటన జారీ చేశాడు. దాదాపు 1,80,000 మంది నల్లజాతి సైనికులు సమాఖ్య సైన్యంలో చేరి తమ స్వేచ్ఛకోసం తామే పోరాడారు. 1865 ఏప్రిల్‌లో దక్షిణ సేనాని లీ లొంగిపోయాడు. ఆరు లక్షలకు పైగా సైనికులు అప్పటికే బలి అయ్యారు. అదే సంవత్సరం డిసెంబరులో 13వ రాజ్యాంగ సవరణ బానిసత్వాన్ని రద్దు చేసింది.

ఆ పోరాటపు ప్రతిధ్వని మన దేశంలోనూ వినిపించింది. 1873లో మహాత్మా జ్యోతిరావు ఫూలే తన ‘గులాంగిరీ’ గ్రంథాన్ని, నల్లజాతి బానిసల విముక్తికై త్యాగాలు చేసిన అమెరికా ప్రజలకు అంకితం చేశాడు. వారి ఆదర్శం శూద్రాతిశూద్రుల విముక్తికి మార్గం కావాలని ఆయన ఆకాంక్ష. ఫూలే స్థాపించిన సత్యశోధక సమాజానికి బొంబాయిలో స్థిరపడిన తెలుగువారు కొందరు అండగా నిలిచారు.

చట్టం సంకెలలు తెంచినా సమానత్వం వెంటనే రాలేదు. పౌరహక్కుల చట్టం 1964లో, వోటుహక్కుల చట్టం 1965లో వచ్చేవరకు నల్లజాతివారు మరొక శతాబ్దం పోరాడవలసి వచ్చింది. అన్యాయంతో రాజీపడి కొనుక్కొన్న శాంతికి మూల్యాన్ని చివరకు భావితరాలే చెల్లించవలసి వస్తుందని ఈ చరిత్ర విద్యార్థులకు బోధిస్తున్నది.