తంతి నుండి వెబ్ వరకు: తెలుగు వార్త ప్రయాణము

దక్షిణ భారతమున మొదటి ప్రయాణికుల రైలు 1856లో మద్రాసు రాయపురం నుండి వాలాజా రోడ్డు వరకు నడిచినది. పిదప ఆ దారి పడమరకు సాగి, మన తిరువలం మీదుగా కాట్పాడి చేరినది. పట్టాల ప్రక్కనే తంతి స్తంభములు వెలసినవి. చిత్తూరు సీమనుండి దిగివచ్చు నీవానది ఒడ్డున, అరవదేశమున కాపురమున్న మన పెద్దలకు ఊరి వార్తలు మోసినవి ఉత్తరమును తంతియే.

తంతితో తెలుగువారికొక చిక్కు. మోర్సు సంకేతములు ఇంగ్లీషు అక్షరములకై పుట్టినవి. అమ్మకు జబ్బన్నను, ఆడపిల్ల పుట్టినదన్నను, ఆ మాట తెలుగు లిపిలో పోలేదు. పైగా మాటకింతయని రుసుము. ఆ తంతి సేవ 2013 జూలైలో మన దేశమున ముగిసినది.

నేడు ఫోనులో ఒక పుట తెరచినచో వెబ్ విన్నపము బయలుదేరును. 1989లో స్విట్జర్లండులోని సెర్న్ పరిశోధనాలయమున టిమ్ బెర్నర్స్-లీ తలపెట్టిన ఏర్పాటిది. మన దేశ ప్రజలకు ఇంటర్నెట్టు 1995 ఆగస్టు 15న అందినది.

విన్నపము మా రైల్వే పార్సెలు చీటీ వంటిదే. మొదటి వరుసలో పని: 'గెట్' అనగా ఇమ్ము, 'పోస్ట్' అనగా పుచ్చుకొనుము, ప్రక్కనే కావలసిన పుట చిరునామా. క్రింది వరుసలలో ఏ స్థలమునకు, ఏ భాషలో మున్నగు వివరములు. పిదప ఒక ఖాళీ వరుస. పంపు సరుకున్నచో దాని తరువాత. ఇదంతయు చిన్న ముక్కలై, ముక్కకొక గుర్తు సంఖ్యతో, వేర్వేరు దారులనైనను పోయి, గమ్యమున వరుసగా కూడుకొనును. ఒక ముక్క తప్పిపోయినచో మరల పంపబడును.

ఇందు తెలుగునకు చోటు గలదు. 1991లో యూనికోడ్ మన అక్షరములకు సంఖ్యలిచ్చినది. నేడు వాడుకలోనున్న పద్ధతిలో ఇంగ్లీషు 'ఎ' ఒక బైటులో ఇముడును. మన 'అ' మూడు బైట్లు కోరును. అయినను పోవును, చేరును.

ఇక భాషా వరుస. అందు తెలుగునకు గుర్తు 'టి, ఇ' అను రెండక్షరములు. మన బిడ్డల ఫోనులలో ఆ వరుసన ఏమున్నది? తమిళము, ఇంగ్లీషు ఉండుట న్యాయమే. బడికి, బ్రతుకుతెరువునకు అవి కావలెను. వాని సరసన తెలుగును కూడ చేర్చుడని మా మనవి. అప్పుడు ప్రతి విన్నపమును 'మాకు తెలుగు వచ్చును' అని చెప్పుచు పోవును. అడగనిదే అమ్మయినా అన్నము పెట్టదు గదా! ఈ ఉగాదినుండి అడుగుదము.