తాగుడు మానినవాని ఆత్మగౌరవం: ఆత్మకూరు నేపథ్యంలో ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం: మద్యవిముక్తి చరిత్రను మనం ఇంతవరకు నిషేధ చట్టాల చరిత్రగా, 1992 తర్వాత స్త్రీల ఉద్యమ చరిత్రగా రాసుకున్నాం. తాగుడు మానిన మనిషి తనను తాను ఎలా చూసుకున్నాడు, ఊరు అతణ్ణి ఏమని పిలిచింది అన్న ప్రశ్నను కర్నూలు, కడప ప్రాంతాల నేపథ్యంలో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: మద్యనిషేధం, సారా ఉద్యమం, ఆత్మగౌరవం, లజ్జ, దీక్ష, ఆత్మకూరు.

తెలుగునాట ఆత్మకూరులు అనేకం. సారా వ్యతిరేక ఉద్యమానికి పుట్టినిల్లయిన నెల్లూరు జిల్లాలోనూ ఒక ఆత్మకూరు ఉంది. ఇక్కడ ప్రస్తావిస్తున్నది నల్లమల అంచున, 2022 ఏప్రిల్ 4 వరకు కర్నూలు జిల్లాలో, అప్పటినుంచి నంద్యాల జిల్లాలో ఉన్న ఆత్మకూరు. బైర్లూటి, నాగలూటి వంటి చెంచుగూడేలకు దగ్గరి పట్టణం ఇదే. వెంకటాపురం నుంచి నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను మీదుగా శ్రీశైలానికి సాగే కాలిబాట కూడా ఈ ప్రాంతం నుంచే మొదలవుతుంది.

రాయలసీమకు మద్యనిషేధం 1992లో కొత్తగా వచ్చినది కాదు. రాజాజీ ప్రభుత్వం 1937 అక్టోబరు 1న సేలం జిల్లాలో నిషేధాన్ని ప్రారంభించి, మరుసటి సంవత్సరం అదే తేదీన చిత్తూరు, కడప జిల్లాలకు విస్తరింపజేసింది. కోల్పోయిన ఆబ్కారీ ఆదాయాన్ని పూడ్చుకోవడానికి 1939లో అమ్మకపు పన్ను తెచ్చింది. యుద్ధకాలంలో సడలిన నిషేధం 1948 నాటికి కర్నూలుతో సహా మద్రాసు రాష్ట్రమంతటా అమలులోకి వచ్చింది.

ఈ తొలిదశ గురించి మన పరిశోధనలు అంతగా పట్టించుకోని విషయం ఒకటుంది. నిషేధ జిల్లాలలో మద్రాసు ప్రభుత్వం దుకాణాలు మూయించి ఊరుకోలేదు. సాయంత్రపు ఖాళీని ఎలా నింపాలన్నది తన బాధ్యతేనని భావించింది. టీ దుకాణాలు, ఆటలు, భజనలు, పొదుపు సంఘాలు, కల్లుగీతకారులకు ప్రత్యామ్నాయ ఉపాధి ఆ కార్యక్రమంలో భాగాలు. తాగుడు అంటే సీసాలోని ద్రవం ఒక్కటే కాదని, అది ఒక కూడలి, ఒక కాలక్షేపం, ఒక స్నేహమని ఆ అధికారులకు కొంతవరకైనా అర్థమైందనడానికి ఇది నిదర్శనం. ఆ తర్వాతి ప్రభుత్వాలలో ఈ ఎరుక అంత స్పష్టంగా కనిపించదు.

ఆంధ్రరాష్ట్రం ఏర్పడి కర్నూలు రాజధాని అయిన తర్వాత నిషేధం పూర్తిగా ఖజానా సమస్యగా మారింది. ఎస్.వి.రామమూర్తి సంఘం నిషేధం రద్దుకు సిఫార్సు చేసింది. ఆ వివాదంలోనే 1954 నవంబరు 6న ప్రకాశం ప్రభుత్వం కర్నూలు శాసనసభలో ఒక్క ఓటు తేడాతో కూలింది. ఒక ప్రభుత్వాన్ని పడగొట్టగలిగిన ఆ చర్చ పన్ను, నేరం, నాటుసారా చుట్టూ తిరిగింది. మానదలచుకున్నవాడి మనఃస్థితి దానికి కేంద్రాంశం కాలేదు. 1969లో నిషేధం ఎత్తివేశారు. గూడేలలో ఇప్పపూవు సారా కాచుకోవడం చిరకాలపు అలవాటు. దానిని 1886 నాటి ఆబ్కారీ చట్టం మొదలుగా వచ్చిన శాసనాలు నేరంగా చూశాయి. అందుచేత ఆ సమాజాల తాగుడు కేసుల రికార్డులలోకి చేరిందేగాని, వైద్యుని ముందుకు రావడం అరుదు.

‘ఆత్మగౌరవం’ అనే మాట ఈ చరిత్రలో ఒక విచిత్రమైన మలుపు తిరిగింది. 1982లో పుట్టిన తెలుగుదేశం పార్టీకి తెలుగువారి ఆత్మగౌరవమే నినాదం. ఆ పార్టీ ప్రభుత్వమే 1980లలో ‘వారుణి వాహిని’ పేరుతో ప్యాకెట్ సారాను ఊరూరికీ చేర్చింది. 1995 జనవరి 16 నుంచి సంపూర్ణ నిషేధాన్ని అమలుచేసినదీ ఆ పార్టీయే, 1997లో దానిని సడలించినదీ ఆ పార్టీయే. జాతికి అన్వయించిన ఆ మాట సారా దుకాణం ముందు కూర్చున్న కూలీకి ఏమి అర్థమైందో ఎవరూ నమోదు చేయలేదు.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యతా తరగతుల నుంచి, ‘సీతమ్మ కథ’ పాఠం నుంచి ఎగసిన ఉద్యమం సుపరిచితమే. వర్ధినేని రోశమ్మ వంటి స్త్రీలు దుకాణాలు మూయించారు. వేలంపాటలు పదేపదే వాయిదా పడ్డాయి. 1993 ఏప్రిల్ 15న నెల్లూరు జిల్లాలో, అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. ఆ స్త్రీలు సాధించుకున్న ఆత్మగౌరవం నిస్సందేహమైనది. ఆ ఉద్యమపు ఆయుధాలలో లజ్జ కూడా ఒకటి. తాగి వచ్చినవారికి గుండు గీయించడం, ఊరేగించడం నాటి వార్తలలో కనిపిస్తాయి. దెబ్బలు తిన్న స్త్రీల పక్షాన ఆ చర్యలను అర్థం చేసుకోవచ్చు. ఈ వ్యాసకర్త వాటిని తప్పుపట్టే స్థితిలో లేడు. అయితే విముక్తి దృష్టితో చూస్తే ఒక భేదం గమనించాలి. ‘నేను చెడ్డపని చేశాను’ అనే పశ్చాత్తాపం మనిషిని దిద్దుబాటు వైపు నడిపిస్తుంది. ‘నేనే చెడ్డవాణ్ణి’ అనే లజ్జ దాక్కోవడానికి పురికొల్పుతుంది. తాగేవాడికి దాక్కోవడానికి దొరికే చోటు చాలాసార్లు మళ్ళీ తాగుడే. లజ్జపై పరిశోధించిన మనోవిజ్ఞానులు ఈ తేడాను విస్తృతంగా చర్చించారు.

ఆత్మకూరు దారిలో దీనికి పూర్తిగా భిన్నమైన సంప్రదాయం ఒకటి కనిపిస్తుంది. అది దీక్ష. శివమాల గాని, అయ్యప్పమాల గాని మెడలో పడిన నాటినుంచి మండలకాలం, అంటే నలభై ఒక్క రోజులు, మద్యమాంసాలు నిషిద్ధం. ఇందులో చరిత్రకారుడు గమనించవలసినది నియమాన్ని మించి పిలుపును. నిన్నటిదాకా ‘ఒరేయ్’ అని, ‘తాగుబోతు’ అని పిలిచిన నోళ్ళే ఈరోజు ‘స్వామీ, రండి’ అంటాయి. భార్య, అత్తమామలు, చివరికి పిల్లలు కూడా అతణ్ణి ‘స్వామి’ అనే పిలుస్తారు. వేకువన చన్నీటి స్నానం, తోటి స్వాములతో కలిసి భిక్ష, సాయంత్రం పూజ, భజన. మద్రాసు ప్రభుత్వం 1938లో నింపదలచిన సాయంత్రపు ఖాళీని ఇక్కడ సమాజం తనంతట తాను నింపుతోంది. అదనంగా మర్యాదను కూడా ఇస్తోంది. మానడానికి ముందు అతడు మంచివాడని రుజువు చేసుకోనక్కరలేదు. మాల వేసుకుంటే చాలు, గౌరవం ముందుగా వస్తుంది.

దీనిని వైద్యంగా పొరబడకూడదు. రోజూ విపరీతంగా తాగేవాడు ఒక్కసారిగా మానితే వణుకు, చెమటలు, నిద్రలేమితో మొదలై ఫిట్స్, సన్నిపాతం వంటి ప్రాణాంతక స్థితికి చేరవచ్చు. అటువంటివారు మాల వేసుకునే ముందు వైద్యుని చూడాలి. రెండవ పరిమితి కాలానిది. శరీరపు ఉపసంహరణ బాధ సాధారణంగా వారం పది రోజులలో తగ్గుతుంది. నిద్ర చెదరడం, దిగులు, చిరాకు మాత్రం నెలల తరబడి ఉండవచ్చు. మాల తీసే రోజు సరిగ్గా ఈ దిగులు మధ్యలో వస్తుంది. ఆ రోజే ‘స్వామి’ పిలుపు కూడా ఆగిపోతుంది.

పొరుగున తమిళనాడులో ఈ రెంటినీ కలిపిన ప్రయత్నం ఒకటుంది. శాంతి రంగనాథన్ 1980లో మద్రాసులో స్థాపించిన చికిత్సా సంస్థ, 1989 నుంచి మంజక్కుడి గ్రామంలో శిబిరాలు నిర్వహించింది. రోగిని నగరానికి తరలించకుండా, ఊరి మధ్యనే, కుటుంబాన్ని కలుపుకొని వైద్యం చేయడం దాని పద్ధతి. 2019లో వెలువడిన అఖిలభారత సర్వే ప్రకారం మద్యానికి బానిసలైనవారిలో 38 మందికి ఒక్కరే ఏదో ఒక చికిత్స పొందినట్లు చెప్పారు. మద్యవినియోగ సమస్యలు ఎక్కువగా ఉన్న రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్‌ను కూడా ఆ సర్వే చేర్చింది. చికిత్స అందని మిగిలినవారిలో దీక్ష ద్వారానో, భయం ద్వారానో, బిడ్డ పెళ్ళి కోసమో మానినవారు ఉంటారు. వారి చరిత్ర ఆబ్కారీ దస్త్రాలలో దొరకదు.

దానికి మౌఖిక చరిత్ర ఒక్కటే దారి. అడిగే ప్రశ్నను మాత్రం మార్చుకోవాలి. ‘ఎప్పుడు మానారు, ఎందుకు మానారు’ అని అడిగితే నేర్చుకున్న జవాబులే వస్తాయి. మాల తీసిన తర్వాతి నెలలో ఇంట్లో ఏమని పిలిచారు, పెళ్ళిపందిట్లో ఎక్కడ కూర్చోబెట్టారు, పొలం కాగితాల మీద సాక్షి సంతకానికి మొదటిసారి ఎవరు పిలిచారు అని అడగాలి. శివరాత్రి ముగిసి శ్రీశైలం నుంచి స్వాములు ఆత్మకూరు దిగివచ్చే రోజులు ఆ పనికి అనువైనవి.