కొట్లాట కేసు: ఊళ్లో రాజీ అయితే కోర్టులో అయినట్టేనా?

గట్టు తగాదానో మురుగు కాలువ గొడవో మాటలు దాటి చేతుల దాకా పోతుంది. ఇరువైపుల వాళ్లూ ముందు ఆస్పత్రికి, ఆ తర్వాత స్టేషన్‌కు వెళ్తారు. నెల తిరిగేసరికి పెద్దలు కూర్చోబెట్టి మాట్లాడతారు. మందుల ఖర్చు ఇప్పించి కాగితం మీద సంతకాలు చేయిస్తారు. కేసు అయిపోయిందని అందరూ అనుకుంటారు. ఏడాది తర్వాత కోర్టు నుంచి సమన్లు వస్తాయి. ‘మేం రాజీ పడ్డాం కదా’ అని వెళ్లకుండా ఊరుకుంటే వారంటు వస్తుంది.

పెద్దల కాగితం కోర్టు కేసును ఆపదు. రాజీని జడ్జి నమోదు చేయాలి. అలా నమోదు చేయడం కుదురుతుందా లేదా అన్నది మొదటి రోజు ఫిర్యాదులో ఏం రాశారన్నదాన్ని బట్టి ఉంటుంది. మనం బళ్లారిలో ఉన్నా, హొసూరులో ఉన్నా, షోలాపూర్, బరంపురం, యానాంలో ఉన్నా ఈ విషయంలో చట్టం ఒకటే. 2024 జూలై 1 నుంచి జరిగిన ఘటనలకు భారతీయ న్యాయ సంహిత వర్తిస్తుంది. అంతకుముందు జరిగిన వాటికి పాత ఐపీసీ సెక్షన్లే నడుస్తాయి.

ఏ దెబ్బకు ఏ సెక్షన్

చేత్తో కొట్టిన మామూలు గాయం 115(2) కిందికి వస్తుంది. శిక్ష ఏడాది వరకు జైలు, లేదా 10,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. ఈ ఒక్క సెక్షనే ఉంటే పోలీసులు తమంతట తాము దర్యాప్తు చేయలేరు, మేజిస్ట్రేట్ ఆదేశం కావాలి. మహారాష్ట్రలో దీన్నే ‘ఎన్‌సీ’ అంటారు. తమిళనాడు స్టేషన్లలో ముందుగా చేతికిచ్చే సీఎస్‌ఆర్ రసీదు కూడా ఎఫ్‌ఐఆర్ కాదు. మామూలు గాయం కేసును కోర్టు విచారణకు తీసుకోవడానికి ఏడాది గడువుంది. రసీదు బీరువాలో పెట్టుకుని కూర్చుంటే ఆ గడువు దాటిపోతుంది.

ఎముక విరిగినా, పన్ను ఊడినా, బాధితుడు 15 రోజులు తీవ్రమైన నొప్పితో బాధపడినా, రోజువారీ పనులు చేసుకోలేకపోయినా అది తీవ్ర గాయం. 117(2) కింద ఏడేళ్ల వరకు జైలు పడవచ్చు. కత్తి, కొడవలి లాంటి వాటితో కొడితే గాయం చిన్నదైనా 118(1). అందులో శిక్ష మూడేళ్ల వరకు. కర్రను, రాయిని కూడా పోలీసులు చాలాసార్లు ఈ సెక్షన్‌లోనే చూపిస్తారు.

రాజీ ఎక్కడ కుదురుతుంది

మామూలు గాయం, దారికి అడ్డుపడటం, మామూలు బెదిరింపు: వీటిలో దెబ్బతిన్న మనిషి ఒప్పుకుంటే చాలు. తీవ్ర గాయం 117(2)లో కోర్టు అనుమతి కూడా కావాలి. 118(1) మాత్రం కింది కోర్టులో రాజీ పడదగిన నేరాల జాబితాలో లేదు. వినడానికి విడ్డూరంగా ఉంటుంది కానీ, గుద్ది చెయ్యి విరగ్గొట్టిన కేసు మేజిస్ట్రేట్ ముందు రాజీ కావచ్చు, కొడవలి గీరుకున్న కేసు కాదు. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం సెక్షన్లు ఉన్నా అంతే.

ఇక మిగిలేది హైకోర్టు. వ్యక్తిగత తగాదాల్లో ఇరువైపులా నిజంగా రాజీపడితే హైకోర్టు కేసును కొట్టివేయవచ్చని 2012లో జ్ఞాన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అయితే బళ్లారి వాళ్లు ధార్వాడ బెంచికి, హొసూరు, యానాం వాళ్లు చెన్నైకి, బరంపురం వాళ్లు కటక్‌కు వెళ్లాలి. వకీలు ఫీజు వేరు. ఆ ఖర్చు తప్పించుకోవడానికి కొందరు సాక్షి బోనెక్కి ‘ఎవరు కొట్టారో నాకు తెలియదు’ అంటారు. అది ప్రమాణం చేసి చెప్పే అబద్ధం. జడ్జి తలచుకుంటే దాని మీద ఇంకో కేసు నడుస్తుంది.

అందుకే మొదటి గంటలో జాగ్రత్త పడాలని మేం చెప్పేది. ‘చేత్తో కొట్టాడంటే పట్టించుకోరు, కత్తి అని రాయండి’ అని సలహా ఇచ్చేవాళ్లు స్టేషన్ బయటే ఉంటారు. ఆ ఒక్క మాట రేపు రాజీ దారి మూసేస్తుంది. పైగా ఆస్పత్రిలో డాక్టరు ‘ఎవరు, దేంతో కొట్టారు’ అని అడిగి రిజిస్టర్లో రాస్తారు. అక్కడ ‘చేతులతో’ అని, ఫిర్యాదులో ‘కత్తితో’ అని ఉంటే నిజంగా తిన్న దెబ్బను కూడా కోర్టు అనుమానిస్తుంది.

మన భాష చిక్కు

ఎఫ్‌ఐఆర్ కన్నడంలోనో, తమిళంలోనో, మరాఠీలోనో, ఒడియాలోనో ఉంటుంది. మన ఇళ్లలో ఆ భాష మాట్లాడగలిగినా చదవలేని పెద్దవాళ్లు చాలామంది ఉన్నారు. ‘తోశాడు’ అని తెలుగులో చెప్పింది కాగితం మీద ‘కొట్టాడు’ అయిపోవచ్చు. నోటితో చెప్పిన ఫిర్యాదును రాసుకున్నాక చదివి వినిపించాలని చట్టం చెబుతోంది. విన్న తర్వాతే సంతకం పెట్టండి. ఎఫ్‌ఐఆర్ నకలు ఉచితంగా ఇవ్వాలి. కోర్టులోనూ మీ సాక్ష్యాన్ని మీకు అర్థంకాని భాషలో రాసుకుంటే, మీకు తెలిసిన భాషలో వివరించమని అడిగే హక్కు మీకుంది. అడగడానికి మొహమాటపడకండి.

కోర్టులో ఏం జరుగుతుంది

రాజీ నమోదుకు ఇరువైపుల వాళ్లూ గుర్తింపు కార్డులతో స్వయంగా రావాలి. వకీళ్లు రాజీ అర్జీ దాఖలు చేస్తారు. ‘మీ ఇష్టంతోనేనా, ఎవరైనా బెదిరించారా’ అని జడ్జి దెబ్బతిన్నవారినే అడుగుతారు. బెదిరింపు ఉంటే చెప్పాల్సిన చోటు అదే. రాజీ నమోదైతే చట్టం దృష్టిలో నిందితుడు నిర్దోషిగా విడుదలైనట్టే. లోక్ అదాలత్‌లోనూ ఇవే కేసులు ముగించుకోవచ్చు.

అవతలివాళ్లు కూడా కేసు పెట్టి ఉంటే రెండూ ఒకే రోజు ముగించుకోండి. ఒకటి వదిలేస్తే అదే మళ్లీ గొడవకు మూలం. విచారణ జరిగినా ఒకే ఘటన మీద పెట్టిన ఎదురుకేసులను ఒకే జడ్జి వినాలన్నది సుప్రీంకోర్టు మాట.

రాజీ కుదరకపోతే గాయపడినవారు, చూసినవారు, డాక్టరు, దర్యాప్తు అధికారి సాక్ష్యం చెబుతారు. నేరం రుజువైనా, మొదటిసారి తప్పు చేసినవాళ్లను 1958 నాటి ప్రొబేషన్ చట్టం కింద జైలుకు పంపకుండా మంచి నడవడిక బాండు మీద వదలవచ్చు. దెబ్బతిన్నవారికి పరిహారం కూడా ఇప్పించవచ్చు.

మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, కస్టడీలో ఉన్నవారికి ఆదాయంతో పని లేకుండా ఉచిత వకీలును ఇస్తారు. 15100కు ఫోన్ చేయండి, లేదా మీ తాలూకా కోర్టు ఆవరణలోని న్యాయసేవల కార్యాలయంలో అడగండి. కేసు ముగిశాక ఆర్డరు సర్టిఫైడ్ కాపీ తీసుకుని దాచుకోండి. పాస్‌పోర్టుకో ఉద్యోగానికో పోలీసు విచారణ వచ్చినప్పుడు పెద్దల కాగితం చూడరు, ఇదే అడుగుతారు.