ఎంమ్యాప్_లాక్

ఎంమ్యాప్_లాక్ అనునది లినక్సు కెర్నెలులో ఒక్కొక్క ప్రాసెస్ యొక్క మెమరీ పటమును కాపాడు తాళము. 2020 వరకు దీని పేరు ఎంమ్యాప్_సెమ్. ఆ సంవత్సరము ఆగస్టు 2న విడుదలైన లినక్సు 5.8లో పేరు మారినది. పేరుతో పాటు కెర్నెలు సోర్సు కోడులోని వ్యాఖ్యలను (కామెంట్లను) కూడా సవరించవలసి వచ్చినది. ఈ వ్యాసము ముఖ్యముగా ఆ సవరణ గురించినది. కృష్ణా డెల్టా కాలువలపై పడవలను దాటించుటకు కట్టిన లాకులకు దీనితో సంబంధము లేదు. రెండు పేర్లూ ఒకే ఆంగ్ల పదము నుండి వచ్చినవి, అంతే.

తాళము చేయు పని

మెమరీలో ఏ భాగము ఏ ఫైలుకు చెందినది, ఎక్కడ వ్రాయవచ్చును, ఎక్కడ చదువుటకు మాత్రమే అనుమతి ఉన్నది అను వివరములను కెర్నెలు ప్రతి ప్రాసెస్‌కు విడివిడిగా ఎంఎం_స్ట్రక్ట్ అను నిర్మాణము ద్వారా గుర్తుంచుకొనును. ఒక త్రెడ్ ఈ పటమును మార్చుచుండగా మరొక త్రెడ్ దానిని చదివినచో సగము పాత, సగము కొత్త సమాచారము అందును. దీనిని నివారించుటకే ఈ తాళము. ఊరి అడంగలును పలువురు ఒకేసారి చూడవచ్చును గాని, దానిని దిద్దుచున్నప్పుడు ఇతరులు ఆగవలెను. ఇక్కడి పద్ధతి కూడా అదే: చదువుటకు ఎందరైనా తాళము పట్టుకొనవచ్చును, వ్రాయువారు ఒక్కరే ఉండవలెను.

పేరు మార్పు

సెమ్ అనునది సెమాఫోర్ అను పదమునకు సంక్షిప్త రూపము. అనగా పాత పేరు తాళము దేనిని కాపాడునో కాక, దానిని ఎట్లు నిర్మించిరో కూడా చెప్పుచుండెను. భవిష్యత్తులో వేరొక రకము తాళము పెట్టదలచినచో ఆ పేరు అబద్ధమగును. పైగా కెర్నెలులోని అనేక చోట్ల డౌన్_రీడ్, అప్_రీడ్ వంటి సెమాఫోర్ ఫంక్షన్లను నేరుగా పిలుచుచుండిరి. అప్పుడు గూగుల్‌లో పనిచేయుచున్న మిషెల్ లెస్పినాస్ దీనికి 12 ప్యాచీల వరుసను తయారు చేసెను. మొదట ఎంమ్యాప్_రీడ్_లాక్, ఎంమ్యాప్_రైట్_లాక్ వంటి కొత్త ఫంక్షన్లు వచ్చినవి. పాత పిలుపులను కోక్సినెల్ అను పరికరముతో మార్చి, అది వదలివేసిన వాటిని విడిగా సరిచేసిరి. పిమ్మట తాళము పేరు మారినది. ఇవి 2020 జూన్‌లో ప్రధాన కెర్నెలులో చేరినవి.

కోక్సినెల్ ఫ్రాన్సులోని ఇన్రియా పరిశోధన సంస్థకు చెందిన పరికరము. ఆ ఫ్రెంచి పదమునకు అక్షింతల పురుగు అని అర్థము. చేలలో పేనుబంకను తిని రైతుకు మేలు చేయు పురుగు అదియే. ప్రోగ్రాములోని తప్పులను ఆంగ్లములో పురుగులనియే అందురు గనుక ఆ పేరు పెట్టిరి.

వ్యాఖ్యల సవరణ

వరుసలోని చివరి రెండు ప్యాచీలు వ్యాఖ్యలకు మాత్రమే ఉద్దేశించినవి. ఒకటి పాత ఫంక్షన్ల పేర్లు చెప్పు వ్యాఖ్యలను, రెండవది పాత తాళము పేరు చెప్పు వ్యాఖ్యలను మార్చినది.

కోడులో పాత పేరు మిగిలినచో కంపైలరు వెంటనే తప్పు చూపును. కెర్నెలు బయట విడిగా నిర్వహించు డ్రైవర్లలో పాత పేరును వాడినవి 5.8తో కంపైలు కాలేదు. వ్యాఖ్యను కంపైలరు చదవదు. అందులోని పాత పేరు ఎన్నేళ్ళైనా చప్పుడు చేయక ఉండిపోవును.

ఇది చిన్న విషయముగా తోచవచ్చును గాని, కెర్నెలులో తాళములకు సంబంధించిన అనేక నియమములు వ్యాఖ్యలలోనే ఉన్నవి. ఫలానా ఫంక్షనును పిలుచువారు ముందుగా ఈ తాళమును వ్రాతకై పట్టుకొని ఉండవలెనని వ్యాఖ్య చెప్పును. మెమరీ విభాగములోని ఆర్‌మ్యాప్ ఫైలు మొదట్లో తాళములను పట్టుకొనవలసిన క్రమము ఒక పట్టికగా ఉన్నది: ముందు ఐనోడు తాళము, తరువాత ఎంమ్యాప్_లాక్, ఆపై పేజీ తాళము. రెండు త్రెడ్లు రెండు తాళములను ఎదురుబొదురు క్రమములో పట్టినచో ఒకదాని కొరకు ఒకటి ఎదురుచూచుచు రెండూ నిలిచిపోవును. పట్టికలో లేని తాళము పేరు చూచిన కొత్త ప్రోగ్రామరు, ఈ నియమము ఇప్పుడు చెల్లదని భావించుటకు అవకాశమున్నది.

దీనికి ఆ పట్టికయే ఉదాహరణ. ఐనోడు తాళమైన ఐ_మ్యూటెక్స్‌ను 2016లో అల్ వీరో ఐ_ఆర్‌డబ్ల్యూసెమ్‌గా మార్చెను. కాని అనేక వ్యాఖ్యలలో పాత పేరు నిలిచినది. 2020లో పట్టికలోని ఎంమ్యాప్ వరుస కొత్త పేరు పొందగా, దాని పై వరుసలో నాలుగేళ్ళ క్రితమే పోయిన ఐ_మ్యూటెక్స్ అట్లే ఉన్నది. 2021లో జాన్ కారా వ్రాసిన ప్యాచీతో అది సరియైనది.

వెదకి మార్చుట మాత్రమే చాలదు. పాత పేరు వ్రాయక, మెమరీ సెమాఫోర్ అని మాటలలో చెప్పిన వ్యాఖ్య వెదుకులాటకు దొరకదు. 5.8లో కూడా ఈ తాళము లోపల సెమాఫోరే గనుక, సెమాఫోర్ ప్రవర్తనను వివరించు వ్యాఖ్యలను అట్లే ఉంచుట సరియైనది. ఏది ఏదో చదివి తేల్చుకొనవలెను.

వ్యాఖ్యకు తోడుగా ఈ వరుసలోనే ఎంమ్యాప్_అసర్ట్_లాక్‌డ్ అను ఫంక్షను వచ్చినది. తాళము పట్టుకొనకయే పిలిచినచో, తగిన పరీక్షా సౌకర్యములతో కంపైలు చేసిన కెర్నెలు నడుచుచుండగానే అది హెచ్చరించును. నియమమును ఈ విధముగా వ్రాయగలిగిన చోట వ్యాఖ్య కంటె ఇదియే మేలు.

పాత వెర్షన్లు

5.4 వంటి పాత వెర్షన్లలో తాళము పేరు ఎంమ్యాప్_సెమ్ మాత్రమే. కొత్త కెర్నెలులోని సవరణను వాటికి తీసుకొని వెళ్ళునప్పుడు కోడును, వ్యాఖ్యను రెండింటినీ పాత పేరుకు మార్చవలెను. 1985లో ఎన్.టి.రామారావు ప్రభుత్వము తాలూకాల స్థానములో మండలములను ఏర్పరచినది. ఆయన స్వగ్రామమైన నిమ్మకూరు నేడు పామర్రు మండలములో ఉన్నది. అంతకు పూర్వపు దస్తావేజులో గుడివాడ తాలూకా అని ఉన్నచో అది తప్పు కాదు, దిద్దరాదు. నేడు వ్రాయు దస్తావేజులో అట్లు వ్రాసిననే తప్పు.

తరువాతి మార్పులు

2023 జూన్‌లో విడుదలైన లినక్సు 6.4లో సురేన్ బాగ్దసర్యాన్ కృషితో మెమరీ పటములోని ఒక్కొక్క భాగమునకు విడి తాళము వచ్చినది. దీనితో అనేక పేజీ ఫాల్టులు ఎంమ్యాప్_లాక్ పట్టకుండగనే పూర్తియగుచున్నవి. ఈసారి తాళము పేరు మారలేదు, వ్యాఖ్యల అర్థము మారినది. ఎంమ్యాప్_లాక్ పట్టుకొని ఉండవలెనని చెప్పు పాత వ్యాఖ్యలు కొన్ని చోట్ల ఇప్పటికీ నిజము, కొన్ని చోట్ల రెండు తాళములలో ఏదైనా చాలును. పేరు వెదకి వీటిని కనుగొనుట సాధ్యము కాదు. ఈ నియమములన్నిటిని ఒకచోట చేర్చి 2024లో లోరెంజో స్టోక్స్ ఒక పత్రమును వ్రాసెను. అది కెర్నెలు పత్రావళిలోని మెమరీ విభాగములో ఉన్నది.